ఎల్లాప్రగడ మందు.. ఫ్లూకి కాదు!

మీ ఇంట్లో మందుల డబ్బా ఉంటుంది కదా, ఒకసారి తీసి చూడండి. పోయిన వానాకాలంలో జ్వరానికి తెచ్చి, రెండు మూడు గోలీలు వేసుకుని వదిలేసిన స్ట్రిప్ ఒకటి అందులో కనిపించవచ్చు. దాని మీద నిలువుగా ఎర్రగీత ఉందేమో చూడండి. ఉంటే అది డాక్టర్ చీటీ ఉంటేనే కొనాల్సిన మందు. యాంటీబయాటిక్‌లను గుర్తుపట్టడానికి ఈ ఎర్రగీతను చూడమని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ పెద్ద ప్రచారమే చేసింది.

ఆ స్ట్రిప్ డాక్సీసైక్లిన్ అయితే దాని వెనక ఓ పెద్ద కథ ఉంది. అది టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మన మేళ్లచెరువు నుంచి కోదాడ, విజయవాడ మీదుగా వెళితే నాలుగైదు గంటల దారి ఆ ఊరు. ఆయన గురించి పాఠాల్లో చదివే ఉంటారు. అయితే వానలు మొదలై, ఇంటింటా దగ్గులు, పడిశాలు వినిపిస్తున్న ఈ వారాల్లో ఆ జీవితాన్ని ఇంకో వైపు నుంచి చెప్పాల్సిన అవసరం ఉంది. ఫ్లూ వచ్చిన మొదటి రోజే మీరు మింగేస్తున్న ఇలాంటి మందులు ఏ జబ్బు కోసం పుట్టాయో, దేనికి పనికిరావో అందులో తెలుస్తుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందే మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్లప్పుడు కుర్రాడు ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడట. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. పిల్లల మార్కులు చూసి బెంగపెట్టుకునే తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివి జనానికి సేవ చేయమని మిషన్‌లోని పెద్దలు దారి చూపించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు సాయపడ్డారు, ఆ తర్వాత కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరితో 1919 మే నెలలో పెళ్లి జరిగింది.

ఆ పెళ్లికి ముందు ఏడాదే ఫ్లూ వచ్చింది.

మందు లేని రోజులు

1918 మధ్యలో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. మొదటి అల కాస్త తేలిగ్గానే పోయింది. సెప్టెంబరు తర్వాత వచ్చిన రెండో అల ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. మన దేశంలోనే కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయి ఉంటారని అంచనాలున్నాయి. ముసలివాళ్లూ పసివాళ్లే కాదు, ఇరవై నుంచి నలభై ఏళ్ల వయసున్న గట్టివాళ్లు ఎక్కువగా పోవడం ఆ మహమ్మారి ప్రత్యేకత. సుబ్బారావు అప్పుడు మెడికల్ విద్యార్థి. ఆయన గురువుల చేతిలో ఫ్లూకి ఇవ్వడానికి మందే లేదు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. నూరేళ్ల క్రితం జనాన్ని చంపింది ఒక్క ఫ్లూ వైరస్ మాత్రమే కాదు. ఆనాటి మృతుల ఊపిరితిత్తుల నుంచి భద్రపరిచిన ముక్కలను ఈ మధ్య కాలంలో మళ్లీ పరీక్షించినప్పుడు చాలామందిలో బ్యాక్టీరియా న్యుమోనియా కనిపించింది. వైరస్ ముందు వచ్చి శ్వాసనాళాల లోపలి పొరను కాల్చేస్తుంది. దుమ్మును, క్రిములను పైకి నెట్టే సన్నని నూగు ఆ పొర మీదే ఉంటుంది. అది పోతే వాకిలికి తలుపు ఊడినట్టే. మామూలుగా మన ముక్కులో, గొంతులో ఊరకే ఉండే న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు ఊపిరితిత్తుల్లోకి దిగి చీము పట్టిస్తాయి. ఫ్లూ దారి చేస్తే చాలాసార్లు ప్రాణం తీసేవి ఇవి.

అప్పటి డాక్టర్లకు ఈ తేడా తెలియదు. ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892లో ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి అదే ఫ్లూకి కారణమన్నాడు. చాలామంది నమ్మారు. దాని పేరులో ఇప్పటికీ ఇన్‌ఫ్లుయెంజా అనే మాట మిగిలిపోయింది. మనుషుల్లో ఫ్లూ తెచ్చే అసలు వైరస్‌ను లండన్‌లో పట్టుకునేసరికి 1933 వచ్చింది. బ్యాక్టీరియా వేరు, వైరస్ వేరు అనే ఈ ఒక్క ముక్క దగ్గరే ఇప్పటికీ మన ఊళ్లలో మందులు తారుమారవుతున్నాయి.

ఫ్లూ ఎలా వస్తుందో మీకు అనుభవమే. పొద్దున బాగానే పొలానికో ఆఫీసుకో వెళ్లిన మనిషి సాయంత్రానికి ఒళ్లంతా కొట్టినట్టు పడిపోతాడు. జలుబు మెల్లగా వస్తుంది, ఫ్లూ ఒక్కసారిగా వస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కీళ్లూ కండరాలూ లాగేయడం, గొంతు మంట, పొడిదగ్గు. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా ఉండొచ్చు. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు మూడు వారాలు పీడిస్తాయి. లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలరు, ఆ తర్వాత దాదాపు వారం వరకూ. జ్వరం వచ్చిన పిల్లల్ని యూనిట్ టెస్టు ఉందని బడికి పంపడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఖద్దరు చొక్కా, తగ్గిన డిగ్రీ

మెడికల్ కాలేజీలో ఉండగానే గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్‌లో వేసుకునే గౌను కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు. దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పే పని దొరికింది.

ఈ కాలంలోనే ఇంట్లో దెబ్బ మీద దెబ్బ తగిలింది. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. మన పెద్దలు గ్రహణి అన్నది ఇలాంటి దాన్నే. తర్వాత సుబ్బారావుకూ అదే వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కళ్ల ముందు అన్నదమ్ములు పోతుంటే డాక్టరై ఉండీ చేయగలిగింది లేకపోవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆయన అమెరికా ప్రయాణానికి అసలు కారణం అక్కడుందని నాకు అనిపిస్తుంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయంతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. మెడికల్ విద్యార్థులు ఇప్పటికీ ఆ పేరు చదువుతారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మన కండరాలు కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఖర్చయ్యే చిల్లర డబ్బులాంటి పదార్థం ఈ ఏటీపీ. దాన్ని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు.

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి జ్వరంలో నీరసం గురించి ఒక ముక్క. ఫ్లూ రెండో రోజున మా దగ్గరికి వచ్చి బలానికి సెలైన్ ఎక్కించమని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. గ్లూకోజు కలిపిన అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాంతో వచ్చే శక్తి రెండు ఇడ్లీల పాటిది. వాంతులై నీళ్లు కూడా నిలవని మనిషికి, మూత్రం తగ్గిపోయిన పిల్లకు సెలైన్ కావాలి. నోటితో తాగగలిగిన మనిషికి గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, పప్పుచారు అన్నం చాలు. డబ్బూ మిగులుతుంది, ఫ్లూ రోగులతో నిండిన గదిలో మూడు గంటలు పడుకునే అవసరమూ ఉండదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తన వంతు పేరు కోసం తగవులాడే స్వభావం ఆయనది కాదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఆయన జీవితంలో మిగిలింది అప్పటికి ఎనిమిదేళ్లే.

మన ఓపీ లైనులో ఆయన మందులు

ఆ ఎనిమిదేళ్లలో జరిగిన పనిని చూడాలంటే పుస్తకాలు అక్కర్లేదు, ఏ ప్రభుత్వాసుపత్రి ఓపీ లైను దగ్గరైనా నిలబడి చూడండి. గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన బృందం. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు కూడా అది మందుగా నిలిచింది. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా ఆయన ప్రయోగశాలదే. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మందులు కావాలని బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అడిగితే సుబ్బారావు బృందం చేసిచ్చింది. రక్తక్యాన్సర్ పిల్లలు తాత్కాలికంగానైనా కోలుకోవడం 1948లో ప్రపంచం చూసింది. ఇక బోదకాలు రాకుండా మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర 1947 నాటిది. అప్పుడు దాని పేరు హెట్రజాన్.

వీటన్నిటికీ ఫ్లూతో సంబంధం ఉంది. గర్భిణులకు, ముఖ్యంగా ఆరో నెల దాటినవారికి, ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ. మెథోట్రెక్సేట్ లాంటి మందులు వాడేవారిలో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. వీళ్లు రెండు రోజులు చూద్దాంలే అని ఇంట్లో కూర్చోకూడదు. ఐదేళ్లలోపు పిల్లలు, అందులోనూ రెండేళ్లలోపు వాళ్లు, 65 దాటిన పెద్దలు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఏళ్ల తరబడి సిమెంటు, రైస్‌మిల్లు దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తులు బలహీనపడినవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. వైరస్ మీద నేరుగా పనిచేసే మందు ఒకటుంది, ఒసెల్టమివిర్. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే దాని ఫలితం బాగుంటుంది. అందుకే ఈ కోవలోని వారికి ఫ్లూ అనుమానం రాగానే డాక్టర్‌కు చూపించమంటాం. ఆరోగ్యంగా ఉన్నవారికి మామూలు ఫ్లూ వస్తే ఈ మందూ అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు.

హెట్రజాన్ గురించీ చెప్పాలి. ఫైలేరియా పురుగు పట్ల ఒళ్లు అతిగా స్పందించడం వల్ల రాత్రిళ్లు పిల్లికూతలతో తెరలు తెరలుగా దగ్గు వచ్చే ఒక రకం ఈస్నోఫీలియా ఉంది. దానికి ఈ మందు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ పేరు విన్నవాళ్లు ఫ్లూ తర్వాత వారం పాటు ఉండే మామూలు దగ్గుకు కూడా షాపులో అడిగి కొనుక్కుంటున్నారు. ఫ్లూ దగ్గు దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే కావాల్సింది మందు మార్చడం కాదు, తెమడ పరీక్ష. టీబీ లేదని ముందు తేలాలి.

బంగారు రంగు మట్టిక్రిమి

యుద్ధం ముగిసే నాటికి డాక్టర్ల చేతిలో పెన్సిలిన్ ఉంది, టీబీకి స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చింది. ఈ రెండిటికీ లొంగని జబ్బులు ఇంకా చాలా ఉండేవి. నోటితో వేసుకోదగిన, ఎక్కువ రకాల క్రిములమీద పనిచేసే మందు కోసం లెడర్లీ వాళ్లు అనేక చోట్ల నుంచి మట్టి నమూనాలు తెప్పించారు. సుబ్బారావు ఈ పనిలో పెట్టిన మనిషి బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన వయసులో ఇక్కడ చేరిన వృక్షశాస్త్రవేత్త. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో ఆయనకు బంగారు రంగులో పెరిగే ఒక సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి తీసిన మందుకు బంగారం అనే అర్థం వచ్చేలా ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. మొదటి టెట్రాసైక్లిన్ అదే.

1948లో దాని గురించి ప్రకటించగానే పెద్ద సంచలనమైంది. ఎన్నో రకాల బ్యాక్టీరియాలు దానికి లొంగాయి. టైఫస్ జ్వరాలు కలిగించే రికెట్సియాలు లొంగాయి. ఆ రోజుల్లో రికెట్సియాలను వైరస్‌లకు దగ్గరి చుట్టాలనుకునేవారు. పెన్సిలిన్‌కు తగ్గని ఒక రకం న్యుమోనియా కూడా దీనితో తగ్గింది. దాన్ని అప్పట్లో వైరస్ న్యుమోనియా అనేవారు. ఇంకేం, వైరస్‌కు కూడా మందు దొరికిందన్న భ్రమ పుట్టింది. అసలు సంగతి తర్వాత తేలింది. రికెట్సియాలు బ్యాక్టీరియా జాతివే. ఆ న్యుమోనియాకు కారణం కూడా వైరస్ కాదని, మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా అని 1962లో రుజువైంది. ఫ్లూ వైరస్ మీద ఆరియోమైసిన్ అప్పుడూ పనిచేయలేదు, దాని సంతతి ఇప్పుడూ పనిచేయదు. టెట్రాసైక్లిన్లు బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రాంగానికి అతుక్కుని దాన్ని ఆపేస్తాయి. వైరస్‌కు అలాంటి సొంత యంత్రాంగమే లేదు. అది మన కణాల్లో దూరి, మన యంత్రాంగాన్నే వాడుకుంటుంది. అతుక్కోవడానికి చోటే లేనప్పుడు మందు ఏం చేస్తుంది?

మరి యాంటీబయాటిక్ వేసుకుంటే మూడు రోజుల్లో తగ్గింది కదా అంటారు. వేసుకోకపోయినా మూడు నాలుగు రోజుల్లోనే తగ్గేది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ దేశమంతా వ్యాపించినప్పుడు భారత వైద్య సంఘం, అంటే ఐఎంఏ, ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ లాంటివి ఫ్లూకి వాడొద్దని కోరింది. వాడినందుకు మూల్యం ఉంది. మన పేగుల్లో, గొంతులో ఉన్న బ్యాక్టీరియాలు ఆ మందుకు అలవాటు పడతాయి. రేపు నిజంగా న్యుమోనియా వస్తే అదే మందు పనిచేయదు. మూడు గోలీలతో ఆపేసిన కోర్సులన్నీ ఆ అలవాటుకు శిక్షణ తరగతులే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్లు ఇస్తే శాశ్వత దంతాల మీద పసుపు, గోధుమ రంగు మరకలు పడొచ్చు. అందుకే డాక్టర్ తప్పనిసరి అంటే తప్ప వాళ్లకు ఇవ్వం.

సుబ్బారావు ఆ సంచలనాన్ని ఎంతోకాలం చూడలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. స్వదేశానికి మళ్లీ రాలేదు. శేషగిరమ్మ గారిని మళ్లీ చూడలేదు. ఆయన పుట్టి నూరేళ్లయిన 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఆ మందు ఎప్పుడు కావాలి?

ఆయన మందు వంశం మీద ప్రజలకున్న నమ్మకం ఎంతటిదో 1994లో సూరత్‌లో ప్లేగు వార్త వచ్చినప్పుడు దేశం చూసింది. టెట్రాసైక్లిన్ కోసం జనం షాపుల మీద పడ్డారు. ప్లేగు బ్యాక్టీరియా జబ్బు కాబట్టి ఆ మందు దానికి పనిచేస్తుంది. జబ్బు రానివాళ్లు కూడా కొని దాచుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు.

మన దగ్గర వానాకాలంలో, చలికాలం మొదట్లో దానికి ఇంకో అసలైన పని ఉంది. అదే స్క్రబ్ టైఫస్. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే నలుసంత పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది. మొదటి రెండు మూడు రోజులు అచ్చం ఫ్లూలాగే ఉంటుంది. కానీ ఐదు రోజులైనా జ్వరం దిగదు. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు, మీరే వెతకాలి. దీనికి డాక్సీసైక్లిన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఇదే సీజన్‌వి. జ్వరం నాలుగో రోజు దాటితే సొంత వైద్యం మానేసి రక్తపరీక్షలకు రమ్మనేది అందుకే. డెంగీ కావచ్చన్న అనుమానం ఉన్నన్నాళ్లు డైక్లోఫెనాక్ సూదులు వేయించుకోవద్దు, రక్తస్రావం కావచ్చు. జ్వరానికి పారాసెటమాల్ చాలు. పెద్దలకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. పిల్లలకు బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే ఇవ్వకూడదు. ఫ్లూలో అది మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు.

యాంటీబయాటిక్ ప్రాణం నిలిపే రెండో సందర్భం 1918లో చంపిన ఆ న్యుమోనియానే. దాని నడక గుర్తుపట్టగలిగేదే. ఫ్లూ జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు మనిషి తేరుకుంటున్నట్టు కనిపించి, మళ్లీ చలితో జ్వరం తిరగబెడుతుంది. పొడిదగ్గు కాస్తా పసుపు పచ్చ తెమడ పడే దగ్గవుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఒక పక్క పోటు. ఇంట్లోవాళ్లు ఇదీ ఫ్లూయే అనుకుని పాత గోలీలే మళ్లీ మింగిస్తారు. ఆయాసం, ఛాతీ నొప్పి, తెమడలో రక్తం, మగతగా ఉండటం, పెదాలు గోళ్లు నీలంగా మారడం, పసిపిల్లలు పాలు తాగకపోవడం, ఊపిరితో పాటు పక్కటెముకల మధ్య గుంటలు పడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి వెళ్లండి. రాత్రయిందని తెల్లారే దాకా ఆగొద్దు.

నివారణ విషయానికొస్తే, ఫ్లూ మన దగ్గర ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి. మేళ్లచెరువు శంభులింగేశ్వర స్వామి సన్నిధిలో మహాశివరాత్రి జాతర, ఎడ్ల పందేలు జరిగేది సరిగ్గా ఈ రెండో కాలంలోనే. జాతరకు వెళ్లొద్దని ఎవరూ అనరు, అన్నా మీరు వినరు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఆ నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండి, తప్పనిసరైతే మాస్క్ పెట్టుకుంటే చాలామందిని కాపాడినట్టే. దగ్గేటప్పుడు అరచేయి కాదు, మోచేతి మడత అడ్డం పెట్టుకోండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ఎవరైనా వేయించుకోవచ్చు. గర్భిణులూ వేయించుకోవచ్చు, పుట్టబోయే బిడ్డకు కూడా తొలి నెలల్లో రక్షణ ఉంటుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి నెల ఎడంతో రెండు డోసులు కావాలి. వైరస్ వేషం మారుస్తుంది కాబట్టి ఏటా కొత్తగా తయారుచేస్తారు, ఏటా వేయించుకోవాలి. రక్షణ నూటికి నూరు కాదు. టీకా రకం సరిగ్గా కుదిరిన ఏడాది డాక్టర్ దగ్గరికి వెళ్లేంత ఫ్లూ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది. వేయించుకున్న రెండు వారాలకు పనిచేయడం మొదలవుతుంది కాబట్టి వానలకు ముందు వేయించుకోవడం మేలు. ఇప్పుడు వేయించుకున్నా వృథా కాదు, శివరాత్రి సీజన్ ఇంకా ముందుంది. ఇది సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు, కొనుక్కోవాలి. ఇంట్లో అందరికీ కొనే స్తోమత లేకపోతే పెద్దవాళ్లకు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లకు, గర్భిణికి ముందు వేయించండి. 65 దాటినవారు న్యుమోకాకస్ టీకా గురించి కూడా అడగండి. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు టీకాకు ముందు మీ కీళ్ల డాక్టర్‌తో మాట్లాడండి. టీకా బాగా పనిచేయడానికి తర్వాత ఒకటి రెండు వారాల మోతాదు ఆపమని ఆయన చెప్పవచ్చు. మీరుగా మాత్రం ఆపకండి.